వ్యాపారానికొక పేరు, వాటాకొక కాగితం

(బనగానపల్లెలో చిన్న వ్యాపారుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





మన ఇళ్లలో 'కార్పొరేషన్' అనే మాట వినబడగానే అందరికీ స్ఫురించేది మైనారిటీ కార్పొరేషన్ లోను. దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారు, సబ్సిడీ ఎంత, జాబితాలో పేరు వచ్చిందా అని ఆరా తీస్తాము. ఉద్యోగ విరమణ తరువాత ఆ దరఖాస్తులను ఎన్నో నింపిపెట్టిన వారము మేము. అయితే ఒక సంగతి గమనించండి. రాష్ట్ర సంస్థల ద్వారా మైనారిటీలకు రుణాలు అందించే జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ కూడా 1994లో కంపెనీల చట్టం కింద నమోదైన ఒక కంపెనీయే. ప్రభుత్వమే తన పని నడపడానికి కంపెనీ స్థాపించుకున్నప్పుడు, నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీనో, మామిడి తోటల గుత్త వ్యాపారాన్నో నడుపుకొనే కుటుంబం స్థాపించుకోరాదా? స్థాపించుకోవచ్చును. ఆ అవసరం ఎవరికి ఉన్నది, ఎవరికి లేదు, ఉంటే ఏ విధంగా అన్నదే నేటి విషయం.

ఒక ఇంటి కథ

మా ఉద్యోగ జీవితంలో అధిక భాగం మండల కార్యాలయాలలో గడిచింది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం వచ్చే వారి ముఖాలను చూసి చూసి, ఇంట్లో ఏ వివాదం మొదలైందో దరఖాస్తు చదవకముందే గ్రహించే అలవాటు ఏర్పడింది. అందులో ఒక కుటుంబం గురించి చెబుతాము. ఊరూ పేరూ చెప్పము.

అన్నదమ్ములిద్దరు. ఇద్దరి డబ్బు, ఇద్దరి కష్టంతో ఒక పాలిష్ ఫ్యాక్టరీ పెట్టారు. అన్న లెక్కలు, బేరాలు చూసేవాడు. తమ్ముడు యంత్రాల దగ్గర, కూలీల దగ్గర ఉండేవాడు. కరెంటు మీటరు, జీఎస్టీ నంబరు, బ్యాంకు ఖాతా, స్థలం కౌలు కాగితం, అన్నీ అన్న పేరనే. పెద్దవాడు కనుక అది సహజమనుకున్నారు. ఒకనాడు అన్న గుండెపోటుతో అల్లాహ్ సన్నిధికి చేరాడు. ఆయనకు భార్య, ఇద్దరు కుమార్తెలు. కుమారులు లేరు, తల్లిదండ్రులు అంతకుముందే కాలం చేశారు.

కాగితం ప్రకారం ఫ్యాక్టరీ మొత్తం అన్నదే. అప్పుడు వారసత్వ లెక్క ఇట్లా ఉంటుంది. మొత్తాన్ని 24 భాగాలు చేస్తే భార్యకు ఎనిమిదో వంతు, అంటే 3 భాగాలు. ఇద్దరు కుమార్తెలకు కలిపి మూడింట రెండు వంతులు, అంటే 16 భాగాలు. మిగిలిన 5 భాగాలు తమ్మునికి. ఇరవయ్యేళ్లు సగం పెట్టుబడి, సగం శ్రమ పోసిన మనిషికి 24లో 5 భాగాలు. నిజంగా ఫ్యాక్టరీ చెరిసగమని రుజువై ఉంటే, తన సగమూ అన్న సగంలో వచ్చే వాటా కలిసి 48లో 29 భాగాలు అతనివి. రెండు లెక్కల మధ్య తేడా 48లో 19 భాగాలు.

వదినగారు మోసగత్తె కాదు, తమ్ముడు దురాశాపరుడు కాడు. ఆమె చేతిలో ఇద్దరు ఆడపిల్లల భవిష్యత్తు ఉన్నది, అతని చేతిలో ఏ కాగితమూ లేదు. మసీదు పెద్దలు కూర్చున్నారు. సాక్ష్యం చెప్పినవారు తలో మాట చెప్పారు. ఈలోగా బ్యాంకు ఖాతా నిలిచిపోయింది, ఆర్డర్లు పక్క ఫ్యాక్టరీలకు వెళ్లిపోయాయి. రెండేళ్ల తాళం తరువాత యంత్రాలు అమ్మి పంచుకున్నారు.

చట్టం మనలను ఎట్లా చూస్తుంది?

హిందూ కుటుంబాలకు చట్టంలో అవిభక్త కుటుంబం అనే వ్యవస్థ ఉన్నది. ముస్లిం కుటుంబానికి అది లేదు. ఒకే పొయ్యి మీద వండుకు తిన్నా, ఒకే గల్లాపెట్టెలో డబ్బు వేసినా, ఉమ్మడి ఆస్తి అని న్యాయస్థానం దానంతట అది భావించదు. 1937 షరీఅత్ చట్టం ప్రకారం ఎవరి ఆస్తి వారిదే, వారి తరువాత వారి వారసులకే. అంటే, కలిసి వ్యాపారం చేసే అన్నదమ్ములకు రాతకోతల అవసరం ఇతరులకన్నా మనకే ఎక్కువ. మన ధర్మమూ అదే చెబుతుంది. ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు, సూరా బఖరాలోని 282వది, అప్పు వ్యవహారాన్ని గడువుతో సహా రాసిపెట్టుకొమ్మని, సాక్షులను ఉంచుకొమ్మని ఆదేశిస్తుంది. ఈ ఊరు 1948 వరకు నవాబుల సంస్థానం. సనదు ఉన్నవానిదే హక్కు అన్న రోజులను మన తాతలు చూశారు. కాగితం విలువ మనకు ఒకరు చెప్పవలసినది కాదు.

మూడు దారులు

మొదటిది భాగస్వామ్య సంస్థ. 1932 నాటి చట్టం దీనికి ఆధారం. స్టాంపు కాగితంపై ఒప్పందం రాసుకొని రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ వద్ద నమోదు చేయించాలి. నమోదు తప్పనిసరి కాదంటారు, నిజమే. కాని 69వ సెక్షన్ ప్రకారం, నమోదు కాని సంస్థ ఒప్పందం ప్రకారం తనకు రావలసిన బాకీ కోసం దావా వేయలేదు. సరుకు తీసుకొన్నవాడు ఎగవేస్తే చేతులు ముడుచుకొని కూర్చోవలసిందే. మరొక సంగతి: ఇద్దరే భాగస్వాములై, ఒకరు కన్నుమూస్తే, ఒప్పందంలో ఏమి రాసుకున్నా ఆ భాగస్వామ్యం అంతటితో ముగుస్తుంది. అందుచేత మూడవ భాగస్వామి ఉండటం మేలు. అప్పుల విషయంలో ప్రతి భాగస్వామీ తన ఇల్లూ వాకిలీతో సహా బాధ్యుడే.

రెండవది ఎల్‌ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత గల భాగస్వామ్యం. 2008 చట్టంతో వచ్చింది. భాగస్వామి మరణించినా సంస్థ నిలుస్తుంది. టర్నోవరు 40 లక్షలు గాని, పెట్టుబడి 25 లక్షలు గాని దాటనంతవరకు ఆ చట్టం కింద ఆడిట్ తప్పనిసరి కాదు. చిన్న కుటుంబ వ్యాపారాలలో చాలావాటికి ఇది సరిపోతుందని మా అభిప్రాయం.

మూడవది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. 2013 కంపెనీల చట్టం ప్రకారం కనీసం ఇద్దరు వాటాదారులు, ఇద్దరు డైరెక్టర్లు కావాలి. ఆ ఇద్దరు భార్యాభర్తలైనా కావచ్చును. ఒక్కరే ఉంటే 'ఏకవ్యక్తి కంపెనీ' పెట్టుకోవచ్చు, తన తరువాత ఎవరన్నది ముందే నామినీగా రాయాలి. కంపెనీ అంటే చట్టం దృష్టిలో వేరొక మనిషి. 1897లో లండన్‌లో సాలమన్ అనే బూట్ల వ్యాపారి కేసులో ఈ సూత్రం స్థిరపడింది. ఆయన కంపెనీలో వాటాదారులు ఆయన, భార్య, ఐదుగురు పిల్లలు మాత్రమే. అయినా కంపెనీ వేరు, సాలమన్ వేరు అని అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. ఈనాడు మన దేశంలోనూ కంపెనీ చట్టానికి పునాది అదే.

ఎట్లా పెట్టాలి, ఎక్కడ పెట్టాలి?

'హైదరాబాదులో పెట్టండి, పేరు వస్తుంది' అని కొందరు మధ్యవర్తులు చెబుతారు. కంపెనీల చట్టం దేశమంతటా ఒక్కటే. రాష్ట్రాన్నిబట్టి మారేది ముఖ్యంగా స్టాంపు సుంకం. రిజిస్టర్డ్ కార్యాలయం ఉన్న చోటికే నోటీసులన్నీ వస్తాయి. ఎవరో అద్దెకిచ్చిన చిరునామాకు వచ్చిన నోటీసు మనకు అందదు. తరువాత రాష్ట్రం మార్చుకోవాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి, ప్రకటనలు ఇవ్వాలి. కనుక వ్యాపారం నంద్యాల జిల్లాలో ఉంటే ఆంధ్రప్రదేశ్‌లోనే, వీలైతే బనగానపల్లె చిరునామాతోనే నమోదు చేయండి. మన రాష్ట్ర కంపెనీల రిజిస్ట్రార్ కార్యాలయం విజయవాడలో ఉన్నది. నమోదుకు మాత్రం అక్కడికి వెళ్లనక్కరలేదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, దానిని పరిశీలించే కేంద్ర కార్యాలయం హర్యానాలోని మానేసర్‌లో ఉన్నది.

2020 ఫిబ్రవరి నుంచి 'స్పైస్ ప్లస్' అనే ఒకే దరఖాస్తు అమలులో ఉన్నది. పేరు కేటాయింపు, డైరెక్టర్ల నంబరు, పాన్, టాన్, బ్యాంకు ఖాతా అన్నీ అందులోనే. డైరెక్టర్లకు డిజిటల్ సంతకం, పాన్, ఆధార్ కావాలి. చిరునామాకు రెండు నెలలు మించని కరెంటు బిల్లు, ఇల్లు వేరొకరిదైతే వారి అంగీకార పత్రం కావాలి. చార్టర్డ్ అకౌంటెంటో, కంపెనీ సెక్రటరీయో ధ్రువీకరించాలి. 2015 నుంచి కనీస మూలధనం నిబంధన లేదు. అధీకృత మూలధనం 15 లక్షల వరకు కేంద్రానికి నమోదు రుసుము లేదు. పేరుకు 1000 రూపాయలు, రాష్ట్రానికి స్టాంపు సుంకం, నిపుణుని ఫీజు ఉంటాయి. ఎవరైనా 'లక్ష మూలధనం చూపాలి' అంటే ఆ పాత మాట నమ్మకండి.

కువైట్‌లోనో, సౌదీలోనో ఉండి డబ్బు పంపే తమ్ముళ్లు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. 'నీ వాటా ఉందిలే' అన్న మాట మీద పంపుతున్నారు. వారిని వాటాదారులుగా చేర్చండి. డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి, విదేశీ మారకపు నియమాలను ముందే అడిగి తెలుసుకోవాలి. ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులైనా దేశంలో ఉన్న డైరెక్టరు కనీసం ఒకరు ఉండాలి.

మా తప్పు

ఇంతవరకు చెప్పినది విని రేపే కంపెనీ పెట్టాలని ఉత్సాహపడకండి. కొన్నేళ్ల కిందట మా వీధి యువకులు ముగ్గురిని మేమే ప్రోత్సహించి కంపెనీ పెట్టించాము. నమోదు పత్రం వచ్చిన రోజు మిఠాయి పంచుకున్నాము. ఆ తరువాత ఏమి చేయాలో వారు అడగలేదు, మేము చెప్పలేదు. మాకూ పూర్తిగా తెలియదు. మొదటి బోర్డు సమావేశంలో 30 రోజులలోగా ఆడిటరును నియమించాలి. 180 రోజులలోగా వ్యాపార ప్రారంభ ప్రకటన ఇవ్వాలి. ఆపైన ఒక్క రూపాయి వ్యాపారం జరగకపోయినా, ఏటా ఆడిట్ జరిగిన లెక్కలను ఏఓసీ-4లోను, వార్షిక నివేదికను ఎంజీటీ-7ఏలోను దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఒక్కొక్క దానికి రోజుకు 100 రూపాయలు, దీనికి గరిష్ఠ పరిమితి లేదు. రెండూ ఏడాదిపాటు మరిస్తే 73,000 రూపాయలు. ఆ యువకులు అంత సొమ్ము సంపాదించక ముందే అంత బాకీ పడ్డారు. ఆ తప్పులో మాకు వాటా ఉన్నది. అందుకే ఈనాడు ఈ మాట ఇంత విడమరచి చెబుతున్నాము.

వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులవుతారు. 2017లో దేశవ్యాప్తంగా రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు జాబితా నుంచి కొట్టివేయబడ్డాయి. ఏటా ఆడిటరు ఫీజు భరించలేని దుకాణానికి కంపెనీ వద్దు. ఉద్యం నమోదు ఉచితం, ఆధార్‌తో జరుగుతుంది, అది చేయించుకొని హాయిగా వ్యాపారం చేసుకోండి.

'లిమిటెడ్' అన్న మాటనూ అపార్థం చేసుకోకండి. చిన్న కంపెనీకి అప్పు ఇచ్చే బ్యాంకు డైరెక్టర్ల సొంత హామీ అడుగుతుంది. సంతకం పెట్టినంత మేరకు మీ ఇల్లు బాధ్యతలోకి వచ్చినట్లే. పైగా, తీర్చగలిగి ఉండి కంపెనీ చాటున దాక్కొనే అప్పు చట్టానికి సమాధానం చెప్పుకోగలదేమో గాని అల్లాహ్‌కు చెప్పుకోలేదు. వారసులకు పంచకముందే మృతుని అప్పులు తీర్చాలన్న మన నియమం అందరికీ తెలిసినదే.

అక్కచెల్లెళ్లకు ఒక మాట

మన ధర్మం స్త్రీకి వాటా ఇచ్చింది. వ్యాపారంలో ఆ వాటా కంటికి కనిపించదు కనుక ఇంట్లో ఎవరూ ఇవ్వరు. పొలమైతే సర్వే నంబరు ఉంటుంది, దుకాణంలో సరుకుకు నంబరు ఏది? కంపెనీలో ఉన్నది. షేరు పత్రం మీద పేరు, సంఖ్య ఉంటాయి. తండ్రి మరణిస్తే ఆయన షేర్లను లెక్కగట్టి కుమార్తెకు, భార్యకు పంచవచ్చును, ఫ్యాక్టరీ తాళం వేయనక్కరలేదు. నామినీగా రాసినవారే యజమాని అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కంపెనీ షేర్లలో నామినీ వారసులను మించి సొంతదారు కాడని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు శక్తి యెజ్దానీ కేసులో స్పష్టం చేసింది.

మరొక జాగ్రత్త. పేరుకు మాత్రం మిమ్మల్ని డైరెక్టరుగా పెట్టి, ఖాళీ కాగితాల మీద సంతకాలు అడిగితే పెట్టకండి. మీ డిజిటల్ సంతకం మీ దగ్గరే ఉండాలి. దాఖలు తప్పితే అనర్హత మీ పేరుకూ వస్తుంది.

చివరిగా, ఈ రాత్రి ఇంటికి వెళ్లి చేయవలసినది చెబుతాము. వ్యాపారంలో ఎవరెవరు ఎంత పెట్టారో, ఎవరికి ఎంత వాటానో ఒక తెల్లకాగితం మీద రాయండి. అందరూ సంతకాలు చేయండి, ఇద్దరు సాక్షుల చేత చేయించండి. తరువాత ఆ కాగితాన్ని అకౌంటెంటు దగ్గరకు తీసుకువెళ్లి, మన వ్యాపారానికి ఏ దారి తగునో అడగండి. ఇప్పటికే ఉన్న లైసెన్సులు, కరెంటు కనెక్షను, కౌలు ఒప్పందం కొత్త సంస్థ పేరుకు వాటంతట అవి మారవు, వాటి సంగతీ అప్పుడే అడగండి.

మేము మొదట చెప్పిన ఆ తమ్ముడు మొన్న మాకు బజారులో కనిపించాడు. ఇప్పుడు వేరొకరి ఫ్యాక్టరీలో జీతానికి పని చేస్తున్నాడు. "అన్న ఉన్నప్పుడు రాసుకుందామని ఎన్నోసార్లు అనుకున్నా సార్. నా మీద నమ్మకం లేదా అంటాడేమోనని అడగలేకపోయినా" అన్నాడు. అన్నను అంతగా ప్రేమించిన మనిషికే అడగడానికి నోరు రాలేదు. మీ ఇంట్లో తమ్ముడు అడిగేదాకా ఆగకండి. పెద్దవారే ముందు కాగితం తీయండి.

అల్లాహ్ మన సంపాదనలో బర్కత్‌ను, మన లెక్కలలో నిజాయితీని ప్రసాదించుగాక. ఆమీన్.