దిద్దడం తరువాత, ముందు రాయనిద్దాం
(పెద్దమందడిలో తోటి పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)



నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. 1952లో ఆయన మన వనపర్తి నుంచే శాసనసభకు ఎన్నికయ్యారు. రాసి పెట్టిందే నిలుస్తుందని ఆ సంచిక చెబుతున్నది.

నేను గుమాస్తాగా సర్వీసంతా ఫైళ్లు రాసినవాణ్ణి. ఆ అలవాటుతో మనవడి నోటుబుక్కు నిండా ఎర్రగీతలు గీశాను. వాడు రాయడమే మానేశాడు. తప్పు నాదని గ్రహించి ఎర్రపెన్ను పక్కన పెట్టాను. “ఇయ్యాల చెరువుకాడ ఏం జూసినవ్ రా? అదే రాయి, నాకు చదివి వినిపియ్యి” అన్నాను. ఇప్పుడు రోజూ నాలుగు వాక్యాలు రాస్తున్నాడు. తప్పులూ తగ్గుతున్నాయి.

మీరూ మనవలకు, మనవరాళ్లకు ఒక నోటుబుక్కు కొనివ్వండి. రాసింది ఓపికగా వినండి. మనకున్న తీరిక వాళ్ల అమ్మానాన్నలకు లేదు.

సెలవు.