పట్టాలు లేని బండి
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని రైల్వేలను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెబితే చివర తత్కాల్ టిక్కెట్లు ఎందుకు దొరకవని మీరు అడుగుతారు. ఆ భయంచేత రైలును విడిచి విమానాన్ని పట్టుకున్నాము. అదైనా పెద్ద విమానం కాదు, ఇద్దరు మాత్రమే పట్టేది. ముప్పయ్యేళ్లు దాటిన సంసారి, మెట్రిక్ చదువుతో, గుమాస్తా జీతంతో దానిని నడపడం నేర్చుకోవచ్చునా అన్నదే నేటి విషయం. మేము నేర్చుకొంటున్నాము. ఇంకా పూర్తి కాలేదు గనుక పండితులవలె గాక విద్యార్థివలె మాట్లాడతాము.

మనం కాపురముంటున్న ఈ బెంగుళూరుకు విమానవిద్య కొత్తది కాదు. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ గారు మైసూరు ప్రభుత్వం తోడ్పాటుతో ఇక్కడ హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని స్థాపించారు. 1951లో డాక్టర్ ఘాటగే గారు రూపకల్పన చేసిన హెచ్.టి.-2 అనే శిక్షణ విమానం ఇక్కడనే ఎగిరింది. తరువాత 1958 సెప్టెంబరు 28న పుష్పక్ ఎగిరింది. పురాణాలలో పుష్పకం మీద ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు మిగిలేదని పెద్దలు చెప్పేవారు. మన బెంగుళూరు పుష్పక్‌లో ఇద్దరికే చోటు. గుడ్డ తొడిగిన రెక్కలు, 90 అశ్వశక్తుల ఇంజను. అయినా నూటయాభై దాకా తయారై దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకు చేరి ఎందరికో విద్య చెప్పినవి అవే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే జక్కూరులో ప్రభుత్వ విమాన శిక్షణ పాఠశాల వెలిసింది. హెబ్బాళ నుంచి యలహంక పోయేవారందరూ ఆ మైదానాన్ని చూచే ఉంటారు. 2008లో దేవనహళ్లి విమానాశ్రయం తెరిచిన తరువాత అటు పోయే రోడ్డుకు పైవంతెన కట్టారు. దాని ఎత్తువల్ల జక్కూరు రన్‌వేలో కొంత భాగం దిగడానికి పనికిరాకుండా పోయింది. పెద్ద విమానాలకు పోయే దారి చిన్న విమానాలకు అడ్డు వచ్చింది!

మనవైపు సంగతీ ఒకటి చెప్పాలి. ప్రేమ్ మాథుర్ గారు కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించి కంపెనీల చుట్టూ తిరిగితే, ఆడమనిషి విమానం తోలడమేమిటని అందరూ కాదన్నారట. చివరకు ఉద్యోగమిచ్చినది హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్. 1949లో ఆవిడ జాతీయ విమాన పందెం గెలిచారు. మన కాలంలో హైదరాబాదు పాతబస్తీలో బేకరీ పనివాడి కూతురు సల్వా ఫాతిమా బేగంపేటలో శిక్షణ పొంది పైలట్ అయింది. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ పైలటై, 2024 మే 19న రాకెట్టులో అంతరిక్షపు అంచు దాకా పోయివచ్చాడు. మాకు అంత దూరపు ఆశ లేదు. వెయ్యి అడుగులు చాలును.

ఇక మా సంగతికి వస్తాము. మా నాన్నగారు గుంతకల్లులో గూడ్సు డ్రైవరు. మాకు పందొమ్మిదో ఏట ఆయన ఉద్యోగంలో ఉండగానే పోయారు. ఆ కుటుంబానికి ఒక ఉద్యోగమిచ్చే ఆనవాయితీ ప్రకారం మాకు పిలుపు వచ్చింది. నాన్న కూర్చున్న ఇంజనులోనే కూర్చోవాలని మా కోరిక. కాని ఇంజను నడిపే పనిలో చేరేవాడికి అద్దాలు లేకుండా రెండు కళ్లూ పూర్తిగా కనబడాలి. మాకు ఏడో తరగతి నుంచే అద్దాలు. పరీక్షగదిలో అద్దాలు తీసి నిలబెడితే గోడమీద అక్షరాలు కాదు, గోడే సరిగా కనబడలేదు. అందుచేత కిటికీ వెనుక గుమాస్తా అయ్యాము. దానికి ఎవరినీ అనవలసిన పని లేదు, నిబంధన నిబంధనే. కాని పన్నెండేళ్లు ఆ కిటికీలోంచి బండ్లు కదలిపోవడం చూస్తూ కూర్చున్నాము.

ఒకనాడు కౌంటరు దగ్గర చిల్లర కోసం నిలబడిన ఒక కుర్రవాడు, భుజాన చారల పట్టీలున్న చొక్కా, ముక్కుమీద మాకంటె దళసరి అద్దాలు. పైలట్ శిక్షణలో ఉన్నానన్నాడు. "ఈ కళ్లతోనా?" అని నోరు జారి అడిగాము. నవ్వి, "అద్దాలతో సరిగా కనిపిస్తే చాలు సార్. రెండో జత మాత్రం జేబులో ఉండాలి" అన్నాడు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అద్దాలవాడు రైలింజను తోలరాదు గాని విమానం తోలవచ్చునట!

విచారించగా తెలిసినవి ఇవి. సొంత సరదాకు నడిపే ప్రైవేటు పైలట్ లైసెన్సుకు పదో తరగతి ప్యాసైతే చాలు. వయసు 17 నిండాలి. పైన ఇంతకు మించరాదన్న గీత లేదు, వైద్యపరీక్షలో నెగ్గితే సరి. ముందుగా విద్యార్థి లైసెన్సు, దానికి నోటి పరీక్ష. తరువాత నిబంధనలు, దిక్కుల లెక్క, వాతావరణం, ఇంజను సంగతులు చదువుకోవాలి. రేడియోకు వేరే లైసెన్సు. మొత్తం 40 గంటలు ఎగరాలి. అందులో 20 గంటలు ఒంటరిగా. జీతానికి నడిపే కమర్షియల్ లైసెన్సుకైతే పన్నెండో తరగతిలో లెక్కలూ భౌతికశాస్త్రమూ ఉండాలి, 200 గంటలు కావాలి. అది మాకు అక్కరలేదు.

డబ్బు సంగతి దాచి లాభం లేదు. గంటకు పదివేలకు పైమాటే. రెండు గంటలు ఎగిరితే మా నెల జీతంలో పెద్ద భాగం నిజంగానే గాలిలో కలుస్తుంది. ఊరి చివర ఇంటి స్థలానికని కూడబెట్టిన డబ్బు దీనికి పెట్టాము. మా ఇంటావిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజున, "స్కూటరు మీదే మీ వెనుక కూర్చోవాలంటే నాకు భయం. పైకి పోతే కనీసం ఎదురుగా ఆటోలు ఉండవు" అన్నది. దానిని అనుమతిగా భావించాము. అమ్మకు ఫోనులో చెబితే, "పట్టాల మీద పోయే బండ్లుండగా ఆ పట్టాలు లేని బండి ఎందుకురా నీకు?" అన్నది.

ఎవరైనా ఈ దారిన పోదలిస్తే ఒక మాట. మొదట మేము డబ్బు కట్టిన చోట మూడు నెలలు విమానం మరమ్మతులోనే ఉన్నది. తరువాత నేర్పేవారు వేరే ఉద్యోగానికి పోయారు. ఆ చోటి పేరు అనవసరం. షెడ్డులో ఎన్ని విమానాలున్నాయని అడగకండి, నిన్న ఎన్ని ఎగిరాయని అడగండి. డబ్బు మొత్తం ఒక్కసారిగా కట్టకండి.

రెండో చోట మాకు దొరికిన శిక్షకుడికి ఇరవై అయిదేళ్లుంటాయి, మైసూరు వైపువాడు. నేలమీద ఉన్నంతసేపూ "సార్, మీరు" అంటాడు. ఇంజను ఆడగానే ఆ గౌరవాలు తలుపు బయట ఉండిపోతాయి. "రడ్డర్! రైట్ రడ్డర్!" తప్ప వేరే పలుకు లేదు. చిన్న విమానాన్ని నేలమీద చేతులతో తిప్పరు, కాళ్లతో తిప్పుతారు. ఇరవయ్యేళ్లు స్కూటరు తోలిన చేతులు ఊరుకుంటాయా? మొదటి రోజు మేము చక్రం ఎడమకు తిప్పుతున్నాము, విమానం తిన్నగా గడ్డిలోకి పోతున్నది. పిల్లలకు ఈ పాత అలవాట్లుండవు గనుక తొందరగా వస్తుంది. మాబోటివాడు ముందు నేర్చుకున్నది మరచిపోవాలి, ఆ తరువాత నేర్చుకోవాలి.

అయితే గుమాస్తాకు కలిసివచ్చినవీ ఉన్నాయి. ఎగిరే ముందు విమానం చుట్టూ తిరిగి జాబితా ప్రకారం పరీక్షించాలి. రెక్కలోని టాంకు అడుగునుంచి చిన్న కప్పులోకి పెట్రోలు పట్టి చూస్తారు. ఆ పెట్రోలు నీలంగా ఉంటుంది, నీరు చేరి ఉంటే అడుగున రంగు లేకుండా నిలుస్తుంది. నూనె మట్టం చూడాలి. వేగం చూపే గొట్టంలో కందిరీగ గూడు కట్టిందేమో, ఇంజను పక్కన పిచ్చుక పుల్లలు చేర్చిందేమో చూడాలి. చిన్నప్పుడు గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద బండి ఆగగానే సుత్తితో చక్రాలు కొడుతూ పోయే మనిషి మాకు గుర్తుకు వచ్చేవాడు. ఒక్క చక్రం కూడా వదిలేవాడు కాదు.

రేడియో సంగతీ అంతే. టవరువారు చెప్పిన అనుమతిని మనం తిరిగి చదివి వినిపించాలి. వారు సరే అంటేనే అది చెల్లుతుంది. మా స్టేషను మాస్టర్లు లైన్ క్లియర్ ఇచ్చి ప్రైవేటు నంబరు మార్చుకోవడానికీ దీనికీ తేడా ఏమున్నది? తోటి విద్యార్థులు తడబడేచోట మేము నిద్రలో కూడా తప్పలేదు. ఉచ్చారణ మాత్రం వేరు: మూడును "ట్రీ" అనాలి, తొమ్మిదిని "నైనర్" అనాలి. గరగరమనే రేడియోలో ఒక అంకె మరొక అంకెగా వినబడకుండా ఈ ఏర్పాటు. ఇంట్లో మా అబ్బాయి ఎక్కాలు అప్పజెప్పుతూ "ట్రీ ట్రీజా నైనర్" అని బడిలో దెబ్బలు తినబోయాడు.

బరువు సంగతి ఈ పండుగనాడు చెప్పకూడదు గాని చెబుతాము. మేము నేర్చుకొనే సెస్నా 152కు 110 అశ్వశక్తుల ఇంజను. ఇద్దరు నిండైన మనుషులు కూర్చొని టాంకులు నింపితే బరువు హద్దు దగ్గరికి వస్తుంది. పైగా మన పీఠభూమి సముద్రమట్టానికి 3000 అడుగుల ఎత్తు. ఇక్కడ గాలి పలచన. ఇంజను బలంలో సుమారు పదోవంతు పుట్టుకతోనే పోతుంది. రెక్కకూ పట్టు తగ్గుతుంది. చైత్రమాసపు మధ్యాహ్నపు ఎండలో ఇంకా తగ్గుతుంది. బెజవాడలో లేచినంత చురుకుగా ఇక్కడ లేవదు, ఎక్కువ దూరం పరుగెత్తాలి. అందుకే చిన్న విమానాలవారు తెల్లవారుజామున ఎగురుతారు. శిక్షకుడు మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "సార్, స్వల్ప కమ్మి మాడి" అన్నాడు. ఆరు కేజీలు తగ్గాము. ఇవాళ్టి బొబ్బట్లు రెండుతో ఆపినది భక్తివల్ల కాదు.

స్టాల్ అనే మాట విని మీరు ఇంజను ఆగిపోవడమనుకుంటారు, మేమూ అట్లే అనుకున్నాము. ఇంజనుకు దానితో సంబంధం లేదు. ముక్కు మరీ పైకెత్తితే రెక్క మీది గాలి అంటిపెట్టుకొని పోవడం మాని చెదిరిపోతుంది, రెక్క మోయడం మానుతుంది. భయపడినవాడు ఇంకా పైకెత్తుతాడు, అదే ప్రమాదం. చేతిని ముందుకు నెట్టి ముక్కు దించాలి. కిందపడుతున్నప్పుడు కిందికే పొమ్మనడం! దీనిని ఎత్తు మీద మళ్లీ మళ్లీ చేయించారు. బుద్ధికి మొదటి రోజునే అర్థమైంది. చేతికి అర్థం కావడానికి అయిదు పాఠాలు పట్టింది.

అన్నిటికంటె కష్టం దిగడం. నేల దగ్గరకు రాగానే మా చూపు ముక్కు ముందున్న నేలకు అతుక్కుపోయేది. అప్పుడు ఎత్తు తెలియదు. తొందరపడి లాగుతాము, విమానం బంతివలె ఎగురుతుంది. రన్‌వే చివరను చూడాలట. వారాలకొద్దీ కుదరలేదు. పదిహేను గంటలకు వదిలిపెట్టే విద్యార్థులున్నారు. మాకు పంతొమ్మిది దాటింది. ఒక్కొక్క గంటా ఇంటి స్థలంలో ఒక్కొక్క మూల. ఒక శనివారం మూడుసార్లు గట్టిగా పడేసి, బయటికి వచ్చి, మానేద్దామనుకొని మామిడిచెట్టు కింద కూర్చున్నాము. శిక్షకుడు వచ్చి పక్కన కూర్చొని, "మీరు అద్దాల పైనుంచి చూస్తున్నారు సార్, తల కొంచెం ఎత్తండి" అన్నాడు. కౌంటరులో తల వంచి కళ్లు పైకెత్తి ప్రయాణికుణ్ణి చూచే అలవాటు! అద్దాలకు పైనుంచి రన్‌వే చివర మాకు మసకగానే కనబడుతున్నది. మరునాడు తల ఎత్తి చూశాము. విమానం నేల మీద కూర్చున్నది, పడలేదు.

ఆ తరువాతి ఆదివారం పొద్దున, రెండు సార్లు దిగిన పిమ్మట, అతడు తన బెల్టు విప్పి, ఖాళీ సీటుకు దానిని మళ్లీ బిగించి, "ఒక్క రౌండు. మీరే" అని తలుపు వేసి పోయాడు. మనిషి బరువు తగ్గడంతో విమానం అనుకున్నదానికంటె ముందే లేచింది. వెయ్యి అడుగుల మీద రన్‌వేకు సమాంతరంగా పోతూ చూడవలసినవి పైకి చదువుకొంటున్నాము. అన్నీ తెలుగులో చదువుతున్నామని తరువాత తెలిసింది. దూరంగా పొలాల మధ్య రైలు మార్గం, దానిమీద ఒక గూడ్సు. ఎన్ని వాగన్లో లెక్కపెట్టబోయి మానుకున్నాము, తిరగవలసిన చోటు వచ్చింది. మొత్తం ఆరు నిమిషాలు. దిగినప్పుడు ఒకసారి చిన్నగా ఎగిరింది; దానిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆనవాయితీ అని బకెట్టు నీళ్లు నెత్తిన కుమ్మరించారు. అద్దాలు తుడుచుకొంటూ నిలబడితే, నీళ్లే అనుకున్నారు అందరూ.

ఇప్పటికి మా పుస్తకంలో 26 గంటలు చేరినవి. ఇంకా 14. అందులో ఒంటరిగా 150 నాటికల్ మైళ్లు, అంటే 270 కిలోమీటర్లకు పైగా పోయి, రెండు వేరే చోట్ల దిగి రావాలి. పూర్వపు పైలట్లు దారి తప్పితే రైలు పట్టాలు పట్టుకొని పోయేవారట. ఆ ఒక్క విషయంలో మాకు చింత లేదు. డబ్బు మాత్రం ప్రస్తుతానికి అయిపోయింది. ప్రావిడెంటు ఫండు అడ్వాన్సుకు కాగితం పెట్టాము, అది ఏ బల్ల మీద ఉన్నదో గుమాస్తాగా మాకు తెలుసు.

మొన్న పండుగకు అమ్మ గుంతకల్లు నుంచి వచ్చింది. లైసెన్సు వచ్చేదాకా ఎవరినీ ఎక్కించుకోరాదని చెప్పాము. వచ్చాక ఎక్కుతావా అంటే చాలాసేపు ఆలోచించి, "అందులో లాగడానికి గొలుసు ఉంటుందా?" అని అడిగింది. ఉండదన్నాము. "అయితే మీ నాన్న నడిపినట్టు మెల్లగా నడుపు" అని లోపలికి పోయింది.