తూకానికి కాదు, పేరు చెప్పి అమ్మండి

 

నన్ను సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. థింసా గురించి, పండుగల గురించి నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకని నేను ఒక పాత కొలిమి గురించి చెబుతాను. మేం కమ్మరోళ్లం. పాడేరు ఏజెన్సీలో మా నాన్న కొలిమి నలభై ఏళ్లు నడిచింది. ఆయన పోయాక ఆ సామానంతా ఏం చేయాలన్న ప్రశ్న మా ముగ్గురు తోబుట్టువుల ముందుకొచ్చింది. రేపు మీ ఇళ్లలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. కొలిమి కాకపోతే కుమ్మరి సారె, మగ్గం, వెదురు చీల్చే కత్తులు. అందుకే మేం ఏ వరుసలో ఏం చేశామో చెబుతాను.

కర్మలు అయిన వారానికే పాత ఇనుము కొనే వ్యాపారి వచ్చాడు. కిలో 28 రూపాయలు, అంతా ఒకేసారి ఎత్తుకుపోతానన్నాడు. మొత్తం కలిపి 210 కిలోలు ఉంటుంది. అంటే 5,880 రూపాయలు. తమ్ముడు సరే అనబోయాడు. వాడిని తప్పు పట్టలేం. నాన్న ఆసుపత్రి అప్పు వాడి పేరు మీదే ఉంది. అక్క మాత్రం, "ఏది ఏంటో తెలియకుండా ఎలా అమ్మేస్తాంరా?" అంది. పది రోజులు ఆగమని వ్యాపారికి చెప్పాం.

చెల్లెళ్లూ, ఇక్కడ మీరు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు నేరుగా వర్తించదు. ఆ చట్టంలోని 2(2) సెక్షనే ఆ మాట చెబుతుంది. అది చూపించి ఆడపిల్లకు మాటే లేదనేవాళ్లు ఉంటారు. కానీ 2025 జులైలో ఛత్తీస్‌గఢ్‌లోని ఒక గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు ఏమందో తెలుసుకోండి. ఆడవాళ్లకు వాటా ఉండదనే ఆచారం రుజువు కానప్పుడు, ఆడవాళ్లన్న కారణంతో వాటా కాదనడం సమానత్వానికి విరుద్ధమని తీర్పు ఇచ్చింది. మా ఇంట్లో కోర్టుదాకా పోవాల్సిన పని రాలేదు. ముగ్గురం కూర్చుని, ముగ్గురం ఒప్పుకున్నదే అమ్ముదామనుకున్నాం. మీరూ ముందు ఆ మాట అనుకోండి.

మొదట మేం వేరు చేసింది మావి కాని వస్తువులు. పదునుకిచ్చిన పదకొండు కొడవళ్లు, రెండు నాగలి కర్రులు, ఒక గొడ్డలి కొలిమిలోనే ఉండిపోయాయి. ఊళ్లో చెప్పించాం. ఎవరి పిడి వాళ్లు గుర్తుపట్టి తీసుకెళ్లారు. గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు ఉన్నాయి. అవి ఊరివాళ్లు ఇవ్వాల్సిన బాకీలు. ఏ గీత ఎవరిదో నాన్నకే తెలుసు. వాటిని అడగలేదు. గీతలు చూసి కొందరు వాళ్లంతట వాళ్లే చోళ్లు తెచ్చిపెట్టారంటే, మా నాన్న పని విలువ అక్కడే తెలిసింది.

రెండోది పేర్లు రాయడం. మా బాబాయి చిన్నప్పటి నుంచి నాన్న పక్కన తిత్తి ఊదినవాడు. ఆయన్ని కూర్చోబెట్టి నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీశాను. తెలుగు పేరు, మన ఇంట్లో అనే పేరు, దేనికి వాడతారు, ఎక్కడ నుంచి వచ్చింది. నాకు పట్టకార్లన్నీ ఒకటే అనిపించేవి. లెక్కపెడితే ఏడున్నాయి, ఏడూ ఏడు రకాలు. కర్రు పట్టేది వేరు, గుండ్రని చువ్వ పట్టేది వేరు, చిన్న కత్తి పట్టేది వేరు. ఏడూ నాన్న సొంతంగా చేసుకున్నవే. కొడవలికి కక్కు కొట్టే సన్న ఉలి ఉంది. ఒక మూల తుక్కులా పడి ఉన్నవి లారీ కమాను పట్టీలు. వ్యాపారి వాటిని కూడా తుక్కులోనే లెక్కేశాడు. నిజానికి మంచి కత్తులు వాటితోనే అవుతాయి.

కొలిమి పాక ఎందుకంత చీకటిగా ఉండేదో కూడా అప్పుడే తెలిసింది. కాలిన ఇనుము రంగు చూసి నీటిలో ముంచాలి. ఎండ వెలుగులో ఆ రంగు సరిగా కనబడదు. రంగు దాటిపోతే కత్తి పెళుసవుతుంది. చాలకపోతే పదును నిలవదు. బాబాయి చెబుతుంటే ఫోన్లో రికార్డు చేశాం. ఆ మాటలకు తూకం ఎవరు వేస్తారు?

మూడోది ధర. దాగలి మీద సుత్తిని కొంచెం ఎత్తు నుంచి వదిలి చూడమన్నాడు బాబాయి. సుత్తి ఎగిరిపడి, గంటలా మోగితే మంచి దాగలి. బొద్దుగా మోగితే లోపల పగులుందని అనుమానించాలి. మాది మోగింది. నలభై కిలోల దాగలి, తూకానికైతే 1,120 రూపాయలు. పక్క పంచాయతీలో కొలిమి పెట్టుకున్న ఒక కుర్రాడు 6,000 ఇచ్చాడు, రెండు వాయిదాల్లో. కాగితం రాసుకున్నాం. చేత్తో తిప్పే గాలి పంకా, వైసు, సమ్మెటలు, కమాను పట్టీలు సంతలో పనిచేసే కమ్మర్లే కొన్నారు. విరిగినవి, తుప్పు తినేసినవి చివర్లో తుక్కుకే వేశాం. అందులో తప్పేం లేదు. అన్నీ కలిపి 17,500 వచ్చింది. అప్పు మొత్తం తీరలేదు. తమ్ముడి భుజం మీద బరువు మాత్రం తగ్గింది.

నాలుగోది ఉంచుకున్నవి. అన్నీ ఉంచుకోవడానికి ఇల్లు చాలదు. నాన్న చేతి సుత్తి అక్క తీసుకుంది. ఒక పట్టకారు తమ్ముడు తీసుకున్నాడు. సన్న ఉలి, నోటుపుస్తకం నా దగ్గర ఉన్నాయి. వాటిని మా హాస్టల్ పిల్లలకు చూపిస్తాను. పాత తోలు తిత్తి చీకిపోయింది. ఫోటో తీసుకుని వదిలేశాం.

అమ్మడం కన్నా నడపాలనుకునే తమ్ముళ్లకు ఒక మాట. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఉంది. శిక్షణలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 వరకు సాయం, ఆపైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష వరకు రుణం ఉన్నాయి. కుటుంబానికి ఒక్కరికే ఇస్తారు. నాలాంటి ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించదు. పాత కొలిమి ఉన్నవాడు సున్నా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

చివరిగా మీకు హోంవర్కు ఇస్తున్నాను. టీచర్ని కదా, తప్పదు. మాకు బాబాయి ఉన్నాడు కాబట్టి సరిపోయింది. అందరి ఇళ్లలో బాబాయి ఉండడు. ఈ సెలవుల్లో ఇంటికెళ్లాక అమ్మ దగ్గరో నాన్న దగ్గరో కూర్చుని, వాళ్లు వాడే పది పనిముట్ల పేర్లు రాయండి. పేరు, వాడకం, ఎవరు చేశారు. వాళ్లు నవ్వినా రాయండి. అమ్మాలా ఉంచాలా అన్నది తర్వాత మీ ఇష్టం. అమ్మేరోజున మాత్రం అదేంటో తెలిసి అమ్మండి.

సెలవు.