గళ్లలో నెమలి

అల్వాల్‌లో మేము స్వెటర్లు అల్లుతాం. ఇన్నాళ్లూ పుస్తకంలో ఉన్న బొమ్మే వేసేది. ఇప్పుడు ఎక్సెల్‌లో మేమే గీస్తున్నం. ఒక గడి ఒక కుట్టు, రంగు నింపుడే. కానీ గళ్లు నాలుగు దిక్కులా సమానంగా పెడితే నెమలి పొట్టిగా, లావుగా వస్తది. కుట్టుకు వెడల్పెక్కువ, ఎత్తు తక్కువ గదా. అందుకే ముందుగాల చిన్న ముక్క అల్లి కొలుస్తం. నాలుగంగుళాల్లో 20 కుట్లు, 28 వరసలు వస్తే గడి వెడల్పు 28 పిక్సెళ్లు, ఎత్తు 20 పెడతం. తారుమారైనట్టు కనిపిస్తది గానీ అదే సరి. ఉన్ని మారితే మళ్లీ కొలవాలె. చదివేది కింది నుంచి. ముందు వరస కుడి నుంచి ఎడమకు, వెనక వరస ఎడమ నుంచి కుడికి. పాప పేరు తెలుగులో వేసియ్యమన్నా ఇప్పుడు ఆర్డరు వదులుకోం. ఒత్తులున్న పేరైతే మాత్రం గళ్లు ఎక్కువ పడతయి, ధర ముందే చెప్పుకోవాలె.