వివరణ లేని పద్దు



మాస్టారు మాకు ఇంటర్మీడియట్‌లో వాణిజ్యశాస్త్రం చెప్పారు. చిట్టాలో పద్దు రాసిన తర్వాత దాని కింద చిన్న వాక్యం ఒకటి రాయాలి, ఈ డబ్బు ఎవరికి, దేనికి అని. పుస్తకంలో దాని పేరు వివరణ. పరీక్షలో దానికి అర మార్కు. మేం చాలామందిమి ఆ వాక్యం ఎగ్గొట్టేవాళ్లం. ఒకసారి నా అంకణా పైసలతో సహా కుదిరింది. సంబరంగా కాగితం పట్టుకెళ్తే మాస్టారు చూసి తిరిగి నా చేతిలో పెట్టారు. "కూడితే కుదిరింది, సరే. ఎందుకిచ్చావో ఏదిరా?" అన్నారు.

నలభై ఏళ్లు ఆడిట్ పని చేశాను. ఆ అర మార్కు చుట్టూనే నా ఉద్యోగం తిరిగింది. ఒక సహకార సంఘంలో "ఇతర ఖర్చులు" అనే ఖాతా కింద వరసగా పెద్ద మొత్తాలు కనిపిస్తే వివరం అడిగాను. "మొత్తం సరిపోయింది కదండీ, ఇంకా ఏం కావాలి?" అన్నాడు అధ్యక్షుడు. నాకు కావలసింది ఆ ఒక్క వాక్యమే. చివరిదాకా అది నాకు ఇవ్వలేదు.

మాస్టారి పేరిట జరిగే సభలో కారు పందేల ఆసామి కథ ఏమిటని కమిటీవారు మొహమాటంగా అడిగారు. ఆ ఆసామి బెర్నీ ఎకిల్‌స్టన్ వ్యవహారంలో మొత్తాలన్నీ బయటపడ్డాయి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎంత వెళ్లిందో లోకమంతా చదివింది. పదేపదే మరుగున పడింది మాస్టారు అడిగిన ఆ వాక్యమే. అందుకే ఈ కథ.

ఎకిల్‌స్టన్ 1930లో ఇంగ్లండులోని సఫోక్‌లో, చేపల పడవ నడిపే ఇంట్లో పుట్టాడు. మోటారు సైకిళ్ల విడిభాగాలు, పాత కార్లు అమ్మి పైకొచ్చాడు. 1970ల మొదట్లో బ్రాబమ్ అనే ఫార్ములా వన్ రేసింగ్ జట్టును కొన్నాడు. అప్పట్లో జట్ల యజమానులు ఎవరికివారే ట్రాకుల వాళ్లతో బేరాలాడుకునేవారు. అందరి తరఫునా నేనే మాట్లాడతానని ఆయన ముందుకొచ్చాడు. టీవీ ప్రసారానికి ఎంత విలువ ఉంటుందో మిగతావాళ్లకంటే ముందు కనిపెట్టాడు. 1981లో జట్లకూ క్రీడా సమాఖ్యకూ మధ్య కుదిరిన కాంకర్డ్ ఒప్పందం తర్వాత ఆ ప్రసార హక్కుల పెత్తనం క్రమంగా ఆయన చేతికి చేరింది. ఏ దేశంలో పందెం జరగాలన్నా ఆయన గది గుమ్మం తొక్కాల్సిందే. ఈ తెలివిని నేను తక్కువ చేయను. చెదురుమదురుగా ఉన్న ఆటను ప్రపంచ వ్యాపారంగా నిలబెట్టినవాడు ఆయనే.

వివరణ గురించిన తొలి తగాదా 1997లోనే వచ్చింది. బ్రిటన్‌లో లేబర్ పార్టీకి ఆయన 10 లక్షల పౌండ్లు ఇచ్చాడు. ఆ ఏడే అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రభుత్వం పొగాకు ప్రకటనల నిషేధం నుంచి ఫార్ములా వన్‌కు మినహాయింపు ఇవ్వాలనుకుంది. విషయం పత్రికల్లోకి ఎక్కింది. రెండింటికీ సంబంధం లేదని ప్రధాని టోనీ బ్లెయిర్ చెప్పాడు, పార్టీ సొమ్ము వెనక్కి ఇచ్చేసింది. విరాళం అని రాసిన పద్దును అలా రద్దు చేశారు.

ఇక అసలు కథ జర్మనీది. ఫార్ములా వన్‌లో పెద్ద వాటా కొన్న లియో కిర్క్ మీడియా సంస్థ 2002లో దివాలా తీసింది. అప్పిచ్చిన బ్యాంకుల చేతికి ఆ వాటాలు వచ్చాయి. వాటిలో బవేరియా ప్రభుత్వ బ్యాంకు, బాయెర్న్ ఎల్‌బీ, ముఖ్యమైనది. ఆ బ్యాంకులో నష్టభయాల విభాగం చూసే ఉన్నతాధికారి గెర్హార్డ్ గ్రిబ్కోవ్‌స్కీ. ఎక్కడ ముప్పు ఉందో పసిగట్టడమే ఆయన ఉద్యోగం. బ్యాంకు వాటాను 2005 చివర్లో సీవీసీ అనే పెట్టుబడి సంస్థకు అమ్మడానికి ఒప్పందం కుదిరింది. ఎకిల్‌స్టన్‌ను పదవిలో కొనసాగించే కొనుగోలుదారు ఆ సంస్థ. తర్వాత గ్రిబ్కోవ్‌స్కీకి ఎకిల్‌స్టన్ నుంచీ, ఆయన కుటుంబానికి చెందిన బంబినో ట్రస్టు నుంచీ 4.4 కోట్ల డాలర్లు చేరాయి. ఆ సొమ్ము తిన్నగా బ్యాంకు ఉన్న మ్యూనిక్‌కు రాలేదు. మారిషస్, బ్రిటిష్ వర్జిన్ దీవులు తిరిగి ఆస్ట్రియా చేరింది. కాగితాల మీద అది సలహాలు ఇచ్చినందుకు రుసుము.

అమ్మకం కుదిర్చినందుకు అదే బ్యాంకు ఎకిల్‌స్టన్‌కు దాదాపు 4.1 కోట్ల డాలర్ల కమిషన్ చెల్లించింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రాసిక్యూటర్లు పెట్టింది అదే. బ్యాంకు అధికారికి ముట్టిన డబ్బు దాదాపుగా ఆ బ్యాంకు ఖజానాలోంచే తిరిగి వచ్చిందని వాళ్ల వాదన. అది ప్రజల బ్యాంకు. 2008 సంక్షోభంలో మునిగిపోబోతుంటే బవేరియా రాష్ట్రం 1,000 కోట్ల యూరోలు పోసి నిలబెట్టింది. ఈ కథలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే చోటు ఇదే.

గ్రిబ్కోవ్‌స్కీని 2011 జనవరిలో అరెస్టు చేశారు. విచారణ చివర్లో ఆయన తప్పు ఒప్పుకున్నాడు. లంచం, పన్ను ఎగవేత, యజమానికి ద్రోహం, ఈ మూడింటికీ కలిపి 2012 జూన్‌లో ఎనిమిదిన్నరేళ్ల శిక్ష పడింది. పుచ్చుకున్న చేతి లెక్క అలా తేలింది.

ఇచ్చిన చేతి మాటేమిటి? ఎకిల్‌స్టన్ మీద విచారణ 2014 ఏప్రిల్‌లో అదే మ్యూనిక్‌లో, గ్రిబ్కోవ్‌స్కీకి శిక్ష వేసిన న్యాయమూర్తి పీటర్ నోల్ ముందే మొదలైంది. నేరం రుజువైతే పదేళ్ల దాకా జైలు. డబ్బు ఇవ్వలేదని ఆయన అనలేదు. అది లంచం కాదన్నాడు. గ్రిబ్కోవ్‌స్కీ నా పన్ను వ్యవహారాల మీద లేనిపోనివి బ్రిటన్ అధికారులకు చెబుతాడేమోనని భయపడ్డాను, నోరు మూయించడానికి ఇచ్చాను అన్నాడు. అంటే తాను బెదిరింపుకు లొంగిన బాధితుణ్నని వాదన.

ఆగస్టు 5న కేసు ముగిసింది. జర్మనీ నేర విచారణ చట్టంలో 153ఎ అనే సెక్షన్ ఉంది. ప్రాసిక్యూటరు, నిందితుడు, కోర్టు ఒప్పుకుంటే కొంత సొమ్ము కట్టించుకుని కేసు మూసేయవచ్చు. అపరాధం జరిగిందా లేదా అనే తీర్పు ఉండదు. సొమ్ము కట్టినవాడు చట్టం దృష్టిలో నిర్దోషే. ఎకిల్‌స్టన్ కట్టింది 10 కోట్ల డాలర్లు. 9.9 కోట్లు రాష్ట్ర ఖజానాకు, 10 లక్షలు చావుబతుకుల్లో ఉన్న పిల్లలను చూసుకునే ధార్మిక సంస్థకు. గడువు వారం.

చిన్న తప్పులు చేసినవాళ్లు కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగకుండా ఆ సెక్షన్ పనికొస్తుంది. అలాంటి వెసులుబాటు ఉండాలంటాను. ముద్దాయి వయసు 83 ఏళ్లు, సాక్ష్యాలతో లంచం రుజువు కావడం కష్టమని కోర్టు చెప్పింది. ఆ మాటలనూ కొట్టిపారేయను. కానీ లంచం ఇచ్చాడన్న అభియోగాన్ని డబ్బు పుచ్చుకుని మూసేయడం నా మనసు ఒప్పుకోదు. పుచ్చుకున్నవాడు జైల్లో ఉండగా, అదే సొమ్ము గురించి ఇచ్చినవాడి కేసులో ఏ మాటా తేల్చకుండా వదిలేశారు. జర్మనీ మాజీ న్యాయశాఖ మంత్రి సబీనా లాయ్‌ట్‌హాయ్‌సర్-ష్నారెన్‌బెర్గర్ కూడా దీన్ని గట్టిగా తప్పుపట్టింది. బవేరియా ఖజానా పుస్తకంలో 9.9 కోట్లు జమ అయ్యాయి. అది జుర్మానా కాదు, పన్ను కాదు, పరిహారం కాదు. మాస్టారైతే ఆ కాగితాన్ని వాళ్ల చేతిలో తిరిగి పెట్టేవారు.

అదే ఏడు ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు ఆ వాక్యం రాసింది. వాటా అమ్మకంలో తమకు నష్టం జరిగిందని కాన్‌స్టాంటిన్ మీడియెన్ అనే జర్మన్ సంస్థ దావా వేసింది. నష్టం రుజువు కాలేదని జస్టిస్ న్యూయీ దావా కొట్టేశారు. అయితే గ్రిబ్కోవ్‌స్కీకి అందిన సొమ్ము లంచమేనని, ఎకిల్‌స్టన్ నమ్మదగిన సాక్షి కాడని అదే తీర్పులో రాశారు. సివిల్ కోర్టు మాట కాబట్టి దానితో శిక్ష పడదు. కానీ పద్దు కింద వివరణ పడింది.

మన దేశం మాట కూడా చెప్పుకోవాలి. మన హైదరాబాదు పక్కన గోపనపల్లిలో ఫార్ములా వన్ ట్రాకు కట్టాలని ఒకప్పుడు ఆలోచన సాగింది, 2004లో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. పందెం చివరికి గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌కు వచ్చింది, 2011 నుంచి మూడేళ్లు జరిగింది. పందెం ఇచ్చినందుకు ఫార్ములా వన్ సంస్థ ఆ ట్రాకు కట్టిన జేపీ సంస్థ నుంచి 4 కోట్ల డాలర్లు తీసుకునే ఒప్పందం. మూడు రోజులుండి వెళ్లిపోతాం, ఇక్కడ మాకు స్థిర వ్యాపార కేంద్రం లేదు, పన్ను రాదు అంది ఆ సంస్థ. పందెం జరిగే రోజుల్లో ఆ ట్రాకు పెత్తనం వాళ్లదే కాబట్టి అది వాళ్ల స్థిర కేంద్రమేనని సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్‌లో తేల్చింది. ఇది ఎగవేత కేసు కాదు, చట్టం అర్థం మీద వివాదం. రెండింటినీ కలిపేయకూడదు. ఆ డబ్బు దేనికి అన్న ప్రశ్నకు జవాబు రాబట్టిన తీర్పు గనక చెప్పాను.

ఆ ఏడాది జనవరిలోనే లిబర్టీ మీడియా అనే సంస్థ ఫార్ములా వన్‌ను కొని ఎకిల్‌స్టన్‌ను పక్కకు తప్పించింది. ఆయన మాత్రం పన్ను అధికారుల దృష్టి నుంచి తప్పుకోలేదు. అంతకుముందే, 2015 జులైలో బ్రిటన్ పన్ను శాఖవారు ఎదురుగా కూర్చుని అడిగారు: దేశంలోగానీ బయటగానీ మీకు సంబంధమున్న ట్రస్టులు ఇంకేమైనా ఉన్నాయా? లేవన్నాడు. సింగపూర్‌లో 40 కోట్ల పౌండ్లకు మించిన సొమ్ముతో ఒక ట్రస్టు ఉంది. 2023 అక్టోబరులో, 93వ పుట్టినరోజుకు కొద్దిరోజుల ముందు, లండన్ సదక్ క్రౌన్ కోర్టులో మోసం చేశానని ఒప్పుకున్నాడు. 17 నెలల శిక్ష, రెండేళ్లు నిలుపుదల. పన్నులు, వడ్డీ, జుర్మానా కింద కట్టడానికి ఒప్పుకున్నది 65 కోట్ల పౌండ్లకు పైగా.

2014లో ఆయన చెప్పిన కారణం మళ్లీ గుర్తు చేసుకోండి: పన్ను వాళ్లకు లేనిపోనివి చెబుతాడని భయపడ్డాను. రెండు కేసుల్లోని ట్రస్టులు వేరు, ఆరోపణలు వేరు. కానీ మ్యూనిక్ కేసు మూసిన ఏడాది తిరక్కుండానే పన్ను అధికారుల ఎదుట ఆయన "లేదు" అన్నాడు. ఆ మాటే ఎనిమిదేళ్లకు ఆయన మెడకు చుట్టుకుంది.

వాణిజ్యశాస్త్రం చదివే పిల్లలు ఈ హాలులో చాలామంది ఉన్నారు. జస్టిస్ న్యూయీ తీర్పు ఎవరైనా చదవగలిగేదే. పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి. డబ్బు ఏ దారిన వెళ్లిందో చెప్పే భాగం దగ్గర పెన్సిలు పుచ్చుకుని, మాస్టారు చెప్పినట్టు చిట్టా గీసి, ఒక్కొక్క పద్దే రాయండి. కింద ఆ వాక్యానికి చోటు వదలండి.