టీకా ఎవరి చేతికి ముందు వచ్చింది?
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రపంచ రాజకీయాలు అనగానే మన ఇళ్ళలో "అవి మనకెందుకు, పిల్లవాడు ఇంజనీరింగో డాక్టరీయో చదివితే చాలు" అంటారు. మంచిదే. కాని డాక్టరు చేతికి మందు ఎప్పుడు వస్తుందో నిర్ణయించేది డాక్టరు కాదు. కరోనా కాలమే అందుకు సాక్ష్యం.

2020 అక్టోబరులో మన దేశమూ దక్షిణాఫ్రికా కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో ఒక ప్రతిపాదన పెట్టాయి. జబ్బు తగ్గేదాకా టీకాలు, మందులు, పరీక్ష పరికరాలపై పేటెంటు హక్కులు పక్కన పెట్టండి, చేతనైనవాళ్ళు తయారు చేసుకుంటారు, అని. వందకు పైగా దేశాలు మద్దతిచ్చాయి. అయినా కాలేదు. అక్కడ ఓట్లు లెక్కపెట్టే ఆనవాయితీ లేదు, అందరూ ఒప్పుకోవాలి. అప్పటి 164 సభ్య దేశాలూ కాగితం మీద సమానమే. కాని పేద దేశం "వద్దు" అనే ముందు అప్పులూ వ్యాపారమూ చూసుకోవాలి. ధనిక దేశానికి ఆ బెంగ లేదు. యూరోపియన్ యూనియన్, బ్రిటన్, స్విట్జర్లాండు అడ్డుపడ్డాయి. 2021 మేలో అమెరికా టీకాల వరకు సరేనంది. జర్మనీ ససేమిరా అంది. చివరకు 2022 జూన్‌లో జెనీవాలో తీర్మానం వచ్చింది. అది టీకాలకే, అదీ బాగా కుదించి. ఇల్లు కాలాక బావి తవ్వినట్టయింది.

అవతలివాళ్ళ వాదన కూడా వినాలి. పేటెంటు తీసేసినంత మాత్రాన ఫ్యాక్టరీ లేచి రాదన్నారు. నిజమే. పరిశోధనకు డబ్బెవరు పెడతారన్నారు. ఆ డబ్బులో చాలా భాగం ప్రభుత్వాలదే కదా!

ఇక మన సంగతి. పేద దేశాలకు టీకాలందించడానికి పెట్టిన కోవాక్స్ పథకం 2021 ఆఖరుకు 200 కోట్ల డోసులు ఇవ్వాలనుకుంది. అందుకు పూణేలోని ఫ్యాక్టరీ మీద బాగా ఆధారపడింది. రెండో అల మనల్ని ముంచెత్తగానే ఎగుమతులు ఆగిపోయాయి. ఆ రోజుల్లో ఆక్సిజన్ సిలిండరు కోసం తిరిగినవాళ్ళెవరూ దాన్ని తప్పుపట్టలేరు. కాని నేపాల్‌లో మొదటి డోసు వేసుకున్న ముసలివాళ్ళు రెండోదాని కోసం నెలల తరబడి కాచుకున్నారు. వాళ్ళ కళ్ళకు ఆనాడు బలవంతులం మనమే. కోవాక్స్ 100 కోట్ల మార్కు దాటింది 2022 జనవరిలో.

కనుక విద్యార్థులారా, ఈ చదువంటే రాజధానుల పేర్లు బట్టీ పట్టడం కాదు. ఏ గదిలో ఎవరు "వద్దు" అనగలరు, సరుకు ఎవరి గడ్డ మీద తయారవుతుంది, ఇవి పట్టి చూడాలి.

బలం ఎప్పుడూ ఒకేచోట ఉండదు కూడా. ఒకప్పుడు ఎయిడ్స్ మందులకు రోగికి ఏడాదికి 10 వేల డాలర్లు పైన అయ్యేది. 2001లో మన సిప్లా కంపెనీ సరిహద్దులు లేని వైద్యుల సంస్థకు 350 డాలర్లకే ఇస్తామంది. ఎలా ఇవ్వగలిగింది? 1970 నాటి మన చట్టం మందుకు పేటెంటు ఇవ్వలేదు, తయారీ పద్ధతికే ఇచ్చింది. ఆ ఏడే దక్షిణాఫ్రికా ప్రభుత్వం మీద 39 మందుల కంపెనీలు వేసిన దావాను జనాగ్రహానికి జడిసి ఉపసంహరించుకున్నాయి. 2005లో మన చట్టం మారింది, ఆ వెసులుబాటు పోయింది.

మన హైదరాబాదులోనే బయొలాజికల్-ఇ కంపెనీ కార్బెవాక్స్ టీకా తయారు చేసింది. దాన్ని రూపొందించిన టెక్సాస్ శాస్త్రవేత్తలు పేటెంటు తీసుకోలేదు. దానికి అనుమతి వచ్చింది 2021 డిసెంబరు ఆఖరులో. ధనిక దేశాల్లో అప్పటికే మూడో డోసు వేస్తున్నారు.