వాలంటీరు దళం – నిబంధనలు చెప్పిన కథ
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి విశాఖ చరిత్ర మీద ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను చరిత్ర పండితుణ్ణి కాను. ఉద్యోగమంతా రూల్సు పుస్తకాల మధ్యే గడిచింది. అందుచేత నాకు చేతనైన దారిలోనే వస్తాను. బ్రిటిషు వారి కాలంలో మన ఊళ్లో ఒక వాలంటీరు సైనిక దళం ఉండేది. దాన్ని ఏ చట్టాలతో నడిపారు, ఆ చట్టాల్లో ఏం రాశారు, ఏం రాయకుండా నడుపుకున్నారు అన్నది నేటి విషయం. వాలంటీరు అనగానే ఇప్పటి పిల్లలకు 2019లో వచ్చిన వార్డు వాలంటీరు గుర్తుకు రావచ్చు. నేను చెప్పేది తుపాకి పట్టిన వాలంటీరు గురించి.

ఏ కొలువు నిబంధనలు చేతికొచ్చినా మన గుమాస్తాలు చూసేవి నాలుగు సంగతులు. ఎవరిని చేర్చుకుంటారు? ఎక్కడికి పంపవచ్చు? ఎవరి చేతి కింద పనిచేయాలి? బయటికి వచ్చేటప్పుడు చేతికి ఏమొస్తుంది? ఈ నాలుగూ చూస్తే చాలు, ఆ కొలువు పెట్టిన ప్రభుత్వం మనిషిని ఏ లెక్కలో వేసుకుందో తెలిసిపోతుంది. మీరు కూడా ఈ నాలుగు ప్రశ్నలూ మనసులో ఉంచుకుని వినండి.

రెండో ప్రశ్న ఎంత పెద్దదో మన ఊరు ముందే చూసింది. 1780 అక్టోబరులో ఇక్కడున్న కంపెనీ సిపాయిలను హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్లమన్నారు. వారు ఎక్కలేదు, తిరగబడ్డారు. ప్రాణాలు పోయాయి, శిక్షలు పడ్డాయి. 1857 కన్నా 77 ఏళ్ల ముందు మాట ఇది. మనిషిని ఎంతదూరం పంపవచ్చు అన్నది కాగితం మీద ఒక్క వాక్యమే. దాని బరువు ఎంతో ఆనాడు ఈ రేవులో తేలింది.

1857 తిరుగుబాటు వచ్చాక తెల్లవారికి భయం పట్టుకుంది. సిపాయిలను నమ్మడం ఎలా అన్న ప్రశ్న వచ్చింది. ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకుంటున్న యూరోపియన్లనే తీరిక వేళల్లో డ్రిల్లు చేయించి తుపాకులిచ్చి నిలబెట్టారు. మద్రాసులో మద్రాస్ వాలంటీర్ గార్డ్స్ పుట్టింది ఆ ఏడే. ఈ దళాలన్నిటికీ ఒక కట్టుబాటు ఉండాలని 1869లో ఇండియన్ వాలంటీర్స్ చట్టం తెచ్చారు. ఆ సంవత్సరపు 20వ చట్టం అది. దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఈ దేశంలో వాలంటీరు దళాలకు అదే ఆధారం.

ఆ చట్టం నీడలోనే 19వ శతాబ్దం చివరి భాగంలో మన ఊళ్లో వైజాగపటం రైఫిల్ వాలంటీర్స్ ఏర్పడింది. తర్వాత అది ఈస్ట్ కోస్ట్ రైఫిల్ వాలంటీర్స్ అన్న పేరుతో నడిచింది. ఇటువంటి దళాల్లో ఒక లెక్క ఉండేది. ఏడాదికి ఇన్ని డ్రిల్లులు హాజరై, తుపాకి గురిలో ఇంత నేర్పు చూపినవాడిని ‘ఎఫిషియెంట్’ అనేవారు. అటువంటివారు ఎంతమంది ఉంటే తలకింత చొప్పున దళానికి ప్రభుత్వ గ్రాంటు వచ్చేది. అంటే హాజరు పట్టీ సరిగా ఉంటేనే డబ్బు. ఆ పట్టీ రాసే గుమాస్తా కష్టం నాకు వేరే చెప్పనక్కర్లేదు. ఇరవై ఏళ్లు సేవ చేసినవారికి దీర్ఘ సేవా పతకం ఉండేది. పతకమే సుమండీ, మనకొచ్చే నెల పెన్షను లాంటిది కాదు.

ఇక మొదటి ప్రశ్న: ఎవరిని చేర్చుకుంటారు?

యూరోపియన్లను చేర్చుకున్నారు, ఆంగ్లో ఇండియన్లను చేర్చుకున్నారు. మిగతా భారతీయుల దరఖాస్తులకు మాత్రం తలుపు తెరుచుకోలేదు. 1885లో అఫ్గాన్ సరిహద్దులో పంజ్‌దే దగ్గర రష్యా సైన్యం ముందుకు వచ్చిందని దేశమంతా కలకలం రేగింది. అప్పుడు చదువుకున్న భారతీయులు, మేమూ వాలంటీర్లుగా చేరతాం, దేశాన్ని కాపాడుకుంటాం అని ముందుకొచ్చారు. వైస్రాయి డఫరిన్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1886లో కలకత్తా కాంగ్రెసు మహాసభ భారతీయులకు వాలంటీరు అవకాశం కావాలని తీర్మానించింది. మరుసటి ఏడు 1887లో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన మద్రాసులో జరిగిన సభలో ఆయుధాల చట్టం మీదా గట్టి చర్చ జరిగింది. యువకుడైన బిపిన్ చంద్ర పాల్ ఆ చట్టం ఎత్తివేయాలని మాట్లాడాడు. అప్పటికి ఆ కోరికలు కోరికలుగానే మిగిలాయి.

ఇందులో ఒక విచిత్రం గమనించండి. ఆ వాలంటీరు అడిగింది జీతం కాదు, పదవి కాదు. ఊరు కాపాడే పనిలో తనకూ చోటిమ్మన్నాడు. ఆ చోటు ఇస్తే రేపు ఇంకేం అడుగుతాడో అని పాలకుల అనుమానం. పన్ను కట్టేవాడు కావాలి, గుమాస్తా కావాలి, జీతానికి పనిచేసే సిపాయీ కావాలి. తన ఊరికి తానే కాపలా కాసే పౌరుడు మాత్రం అక్కర్లేదు.

మరొక విచిత్రం రైల్వేలో ఉండేది. అనేక రైల్వేల్లో యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులు వాలంటీరు దళంలో చేరడం ఉద్యోగపు షరతుల్లో ఒకటి. మన వాల్తేరు మీదుగా నడిచిన బెంగాల్ నాగపూర్ రైల్వేకు కూడా తన సొంత వాలంటీరు రైఫిల్ దళం ఉండేది. పేరు స్వచ్ఛందం, చేరకపోతే ఉద్యోగమే అనుమానం. కోరుకున్నవాడికి ప్రవేశం లేదు, కోరుకోనివాడికి తప్పించుకునే దారి లేదు. సర్కారు భాషలో ‘ఇష్టపూర్వకంగా’ అన్న మాటకు ఎన్ని అర్థాలో మీకు తెలియనిది కాదు. మనమూ విరాళాల జాబితాల్లో ‘ఇష్టపూర్వకంగా’ సంతకాలు చేసినవాళ్లమే కదా!

మొదటి ప్రపంచ యుద్ధంలో 1917లో ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ చట్టం వచ్చింది. యూరోపియన్ బ్రిటిషు ప్రజలకు అది నిర్బంధ సేవ. భారతీయులకు మొదటిసారి స్వచ్ఛందంగా చేరే వీలు కల్పించారు, కాలేజీ విద్యార్థులకు యూనివర్సిటీ కంపెనీలు పెట్టారు. తలుపు కొద్దిగా తెరుచుకుంది.

యుద్ధం అయ్యాక 1920లో ఒకే ఏడాది రెండు చట్టాలు పక్కపక్క నెంబర్లతో వచ్చాయి. 48వ చట్టం ఇండియన్ టెరిటోరియల్ ఫోర్స్, ఇది భారతీయులకు. 49వ చట్టం ఆక్జిలరీ ఫోర్స్, ఇది యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు. పాత వాలంటీరు దళాల వారసత్వమంతా ఈ 49వ చట్టం కిందికి వెళ్లింది. ఈ రెండు చట్టాలను బల్ల మీద పక్కపక్కన పెట్టి, మన నాలుగు ప్రశ్నలూ వేయండి.

ఎవరిని చేర్చుకుంటారు? పుట్టుకను బట్టి. అదివరకు ఆచారంలో ఉన్న తేడా ఇప్పుడు రెండు వేరువేరు చట్టాలుగా అచ్చయింది. ఎక్కడికి పంపవచ్చు? ఆక్జిలరీ ఫోర్సువారికి స్థానిక సేవే, తమ ప్రాంతం దాటి వెళ్లనక్కర్లేదు. టెరిటోరియల్ ఫోర్సులోని ప్రాంతీయ పటాలాలవారిని దేశంలో ఎక్కడికైనా పంపవచ్చు, అత్యవసరమైతే దేశం దాటించవచ్చు కూడా. శిక్షణ ఎలా? ఆక్జిలరీవారికి ఊళ్లోనే, ఉద్యోగం చేసుకుంటూ, వయసు పెరిగేకొద్దీ తగ్గుతూ. ప్రాంతీయ పటాలంవారికి ఏటా సుమారు నెల రోజులు ఇల్లూ పనీ వదిలి శిబిరంలో. భారం ఎక్కువ ఒకరికి, నమ్మకం ఎక్కువ మరొకరికి.

దీని మీద శాసనసభలో భారతీయ సభ్యులు నిలదీశారు. 1924లో లెఫ్టినెంట్ జనరల్ సర్ జాన్ షే అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. పట్టణాల్లో ఉద్యోగాలు చేసుకునే భారతీయులకు కూడా ఊళ్లోనే శిక్షణ పొందే పట్టణ దళాలు ఉండాలని ఆ కమిటీ సూచించింది. కొంత మార్పు వచ్చింది. రెండు దళాల గోడ మాత్రం కూలలేదు.

ఆ గోడ అలా ఉండగానే 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మన పోర్టు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్లయినా నిండలేదు. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగులు తీశారు. ఆ కథలు మన పెద్దల నోట విన్నవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. పైనుంచి పడే బాంబు 48వ చట్టం మనిషా, 49వ చట్టం మనిషా అని అడగలేదు. ఊరంతా ఒక్కటిగా నిలబడాల్సిన రోజు వచ్చింది. అలా నిలబడే అలవాటును చట్టమే ఎదగనివ్వలేదు.

స్వాతంత్ర్యంతో ఆక్జిలరీ ఫోర్స్ ముగిసింది. 1948లో రెండు చట్టాలు వచ్చాయి, నేషనల్ కేడెట్ కోర్ చట్టం ఒకటి, టెరిటోరియల్ ఆర్మీ చట్టం మరొకటి. 1949 అక్టోబరు 9న గవర్నరు జనరల్ రాజగోపాలాచారిగారు టెరిటోరియల్ ఆర్మీని ప్రారంభించారు. పుట్టుక ప్రశ్న పోయింది. భారత పౌరుడైతే చాలు.

పెన్షనర్లుగా మనం ముఖ్యంగా చూడవలసినవి ఇందులో మూడు సెక్షన్లున్నాయి. 7వ సెక్షను ప్రకారం, దళం పిలుపు మీద వెళ్లిన ఉద్యోగిని తిరిగి వచ్చాక యజమాని మళ్లీ పనిలోకి తీసుకోవాలి. 7-ఎ ప్రకారం, అతని ప్రావిడెంటు ఫండు హక్కులకు భంగం రాకూడదు. దేశం కోసం వెళ్లినవాడి సర్వీసు రిజిస్టరులో ఖాళీ పడకూడదన్న ఆలోచన అది. బాకా ఊది సన్మానం చేయడం తేలిక. ఫండు లెక్క చెడకుండా ఒక సెక్షను రాయడంలోనే అసలు గౌరవం ఉంది.

మూడోది 6-ఎ. దీన్ని తరువాత సవరణతో చేర్చారు. దీని ప్రకారం 20 నుంచి 40 ఏళ్ల మధ్య వయసున్న ప్రభుత్వోద్యోగిని, కరెంటు, నీళ్లు, రవాణా లాంటి ప్రజోపయోగ సేవల్లో పనిచేసేవారిని అవసరమైతే టెరిటోరియల్ ఆర్మీ సేవకు రమ్మనవచ్చు. అంటే ఈ హాల్లో కూర్చున్న మనలో చాలామంది ఇరవై ఏళ్ల పాటు ఆ సెక్షను కింద ఉన్నాం! ఇంక్రిమెంటు తేదీ కంఠతా వచ్చిన మనలో ఈ సంగతి ఎంతమంది ఎరుగుదురు?

మంచి చట్టానికీ రెండో వైపు ఉంటుంది, దాచకూడదు. 1974 మే నెలలో రైల్వే సమ్మె జరిగినప్పుడు టెరిటోరియల్ ఆర్మీ రైల్వే యూనిట్లను పిలిచి బండ్లు నడిపించారు. యూనిఫారం తొడిగిన రైల్వే ఉద్యోగి ఒకవైపు, సమ్మెలో ఉన్న తోటి ఉద్యోగి మరొకవైపు. దేశ రక్షణకని పెట్టుకున్న నిబంధన ఇంట్లో తగాదాకు కూడా పనికొచ్చింది. అది సబబా కాదా అన్నదానిపై ఈ హాల్లోనే రెండు అభిప్రాయాలుంటాయి, ఉండనివ్వండి. నిబంధన ఎవరి చేతిలో, ఎప్పుడు, ఎలా వాడబడుతుందో గమనించే బాధ్యత పౌరుడికి ఎప్పటికీ తీరదని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

ఆఖరుగా మన మనవల సంగతి. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చింది. మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లకు సైన్యమంటే మక్కువ. తెల్లవారకముందే రోడ్ల వెంట పరుగులు తీసేవారిని మీరు చూసే ఉంటారు. ఆ పథకం నిబంధనల ప్రకారం సేవ నాలుగేళ్లు. ఆ తర్వాత 25 శాతం వరకే కొనసాగిస్తారు. మిగిలినవారికి సేవా నిధి మొత్తం ఒకేసారి చేతికిస్తారు, పెన్షను ఉండదు. మంచిదా చెడ్డదా అని నేను తీర్పు చెప్పను, చేరవద్దని అసలే చెప్పను. ఇంట్లో కుర్రాడు దరఖాస్తు పెడతానన్నప్పుడు, కళ్లద్దాలు పెట్టుకుని వాడి పక్కన కూర్చుని నిబంధనలు మొత్తం చదివించండి. ఎవరిని చేర్చుకుంటారు, ఎక్కడికి పంపుతారు, ఎవరి కింద పని, బయటికొస్తే ఏమిటి? ఈ నాలుగూ తెలుసుకుని సంతకం పెట్టినవాడే నిజమైన వాలంటీరు. తెలియక పెట్టినవాడూ, తప్పక పెట్టినవాడూ ఆ పేరుకు తగరు.

మన తాతల తరం తమ ఊరిని కాపాడే హక్కు కోసం అర్జీలు పెట్టుకుంది, తీర్మానాలు చేసింది, ‘కుదరదు’ అన్న జవాబే తెచ్చుకుంది. ఆ హక్కు మన పిల్లలకు పుట్టుకతోనే వచ్చింది. దాని విలువ వారికి చెప్పవలసింది మనమే. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చి, నేను బతికే ఉన్నానని ఏటా ప్రభుత్వానికి రుజువు చేసుకుంటున్నాం కదా, ఆ పనితోపాటు ఈ పని కూడా చేద్దాం.

 జై హింద్.